నాలుగో పేజీలో అమ్మమ్మ నడక

నా చిన్నప్పుడు మనుషుల మొహాలకన్నా ముందు నాకు వాళ్ళ నడకలు కనిపించేవి. ఎవరైనా నాలుగడుగులు వేస్తే చాలు, అయిదో అడుగు నేను వేసి చూపించేదాన్ని. మా నాన్నది, జేబులోంచి ఏదో జారిపోయిందేమోనని పదడుగులకోసారి వెనక్కి చూసుకునే నడక. బడి హెడ్‌మాస్టర్‌ది, బొజ్జ ముందొచ్చి, ఆయన తరవాత వచ్చే నడక. మా అమ్మ నడకని మాత్రం ఎప్పుడూ వెక్కిరించలేదు. భక్తి కాదు, భయం. ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యి విసిరేది. అది సరిగ్గా వచ్చి నా వీపు మీదే పడేది.

అప్పట్లో మేం ఆరిజోనాలో, నవాహో జాతివాళ్ళ నేల మీద ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనుంటున్న, దేశానికి ఇంకో చివరనున్న క్యారీ ఊళ్ళో ఎవరికైనా ఈ మాట చెబితే, “అక్కడ కూడా మన తెలుగువాళ్ళు ఉండేవాళ్ళా ఆంటీ?” అని ఆశ్చర్యపోతారు. ఉండేవాళ్ళం, ముగ్గురం. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు, నాన్న బళ్ళో లెక్కల మాస్టారు. లెక్కల మాస్టారి కూతురు పదహారేళ్ళకే బడి మానేసి, ఆ తరవాత ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిందంటే నవ్వొస్తుంది. నవ్వండి, నాకేం. రోజూ బడికి వెళ్ళాను, లోపలికి వెళ్ళలేదంతే. తెలుగు చదవడం, రాయడం మాత్రం అమ్మ వంటింట్లో నేర్పింది. ఆ బడి మానెయ్యడానికి వీల్లేదు, అన్నం అక్కడే పెట్టేవారు.

మా క్వార్టర్స్ కంచెకి అవతల ఒక నవాహో కుటుంబం ఉండేది. ఒక చిన్న ఇల్లు, దాని పక్కన గొర్రెల దొడ్డి, ఇంకాస్త అవతల హోగన్. హోగన్ అంటే దుంగలు పేర్చి, పైన మట్టి మెత్తి కట్టుకునే వాళ్ళ పాతకాలపు ఇల్లు. ఎవరు కట్టినా వాకిలి తూర్పుకే. మా నాన్న మొదటిసారి చూసి, “వీళ్ళకీ వాస్తు పట్టింపు ఉందే!” అని ఎంత సంబరపడ్డాడో! ఆ హోగన్‌లో కూర్చుని ఆ ఇంటి పెద్దావిడ మగ్గం మీద కంబళ్ళు నేసేది. వాళ్ళ భాషలో ఆవిణ్ణి ఏమని పిలవాలో నాకు తెలుసు. అయినా అమ్మమ్మా అనే పిలిచేదాన్ని, ఆవిడ పలికేది. మా అమ్మ డ్యూటీకి వెళ్ళినప్పుడల్లా నేను ఆ ఇంట్లోనే పడుండేదాన్ని కాబట్టి వాళ్ళ భాష నాకు నాలుగేళ్ళప్పుడే అబ్బింది. ఆవిడ ఇంగ్లీషు అర్థం చేసుకునేది గానీ, ఒక్క ముక్క పలికేది కాదు. ఇక్కడ ఆవిడ మాటలు నేను తెలుగులో చెబుతున్నాను.

అమ్మమ్మకి ఒక మనవరాలు. ఆవిణ్ణి నేను అక్కా అనేదాన్ని. మా నాన్న పనిచేసే బళ్ళోనే చిన్నపిల్లల కోసం కథల పుస్తకాలు తయారు చెయ్యడం అక్క ఉద్యోగం. తయారు చెయ్యడమంటే నిజంగా అంతా తనే. తనే రాసి, తనే బొమ్మలేసి, బడి మెషిన్ మీద కాపీలు తీసి, మధ్యలో రెండు పిన్నులు కొట్టేది. ఎడమ పేజీలో నవాహో, కుడి పేజీలో ఇంగ్లీషు. వాటిలో రాజులూ లేరు, రాక్షసులూ లేరు. గొర్రెలకి ఉన్ని కత్తిరించడం, నీళ్ళ పీపా నింపుకు రావడం ఈవేళ ఎవరి వంతు అన్న తగాదా, మేనమామ టోపీని మేక తినెయ్యడం, ఇవీ కథలు. ఎవరింట్లో సంగతులు వాళ్ళు చదువుకుంటూ పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

ప్రతి పుస్తకం ముందు అమ్మమ్మకి చదివి వినిపించాల్సిందే. ఆవిడకి అక్షరం రాదు, చెవి మాత్రం గట్టిది. ఎక్కడైనా ఉన్నది లేనట్టు రాస్తే, వేలు చూపించదు, ఆ జాతిలో వేలితో చూపించడం మర్యాద కాదు, కింది పెదవి ముందుకు చాచి ఆ పేజీ వైపు చూపించేది. అక్క ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాసేది. మన ఇంటి కథ మన భాషలో రాస్తే జరిగింది జరిగినట్టే రాయాలి. ఆవిడ పెట్టిన నియమం అదొక్కటే.

ఆ శీతాకాలం మొదట్లో అక్కకి మూడు నెలల కూతురు. ఇంట్లో అందరి చూపూ ఆ పాప మూతి మీదే. అక్కడొక ఆచారం ఉంది. పసిబిడ్డ మొదటిసారి పైకి వినిపించేలా నవ్వినప్పుడు, ఆ బిడ్డ మన మనుషుల్లో మనిషిగా ఉండటానికి ఒప్పుకున్నట్టు. ఆ నవ్వు తెప్పించినవాళ్ళే బంధువులందర్నీ పిలిచి భోజనాలు పెట్టాలి. బిడ్డ చేతిని తమ చేత్తో పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక ఉప్పుకల్లు ఇప్పించాలి. పుట్టి తను ఇచ్చే మొదటి వస్తువది. అసలు చిక్కు ఏమిటంటే, ఎవరు నవ్వించారో వాళ్ళ గుణమే బిడ్డకి వస్తుందని నమ్ముతారు. అందుకని పిసినారి అని పేరున్న అక్క మేనమామని పాప దగ్గరికి రానిచ్చేవారు కాదు. పాపం ఆయన గుమ్మం అవతలే నిలబడి, టోపీ మొహం మీదికి లాక్కుని, “నేను చూడట్లేదు, నేను చూడట్లేదు” అంటూ లోపలున్న కాఫీ అడిగేవాడు.

నవంబరు చివర్లో బడికి నాలుగు రోజుల సెలవులొచ్చాయి. మొదటి రోజు పొద్దున్నే నేను హోగన్‌లోకి వెళ్ళాను. తూర్పు వాకిట్లోంచి ఎండ నేరుగా లోపలికి పడుతోంది. పసిబిడ్డల్ని పడుకోబెట్టి కట్టే చెక్క పలకకి పాపని కట్టి, ఎదురుగా గోడకి ఆనించి నిలబెట్టారు. అమ్మమ్మ గుమ్మం దగ్గర్నుంచి పొయ్యి వైపు నడుస్తోంది. ఆవిడకి కుడికాలు కుంటి. ఆ కాలు ఈడ్చి, ఒక్క క్షణం ఆగి, ఎడమ భుజం కాస్త పైకెత్తి, అప్పుడు రెండో అడుగు. నేను ఆవిడ వెనక చేరాను. కాలు ఈడ్చాను, ఆగాను, భుజం ఎత్తాను. నాలుక కూడా బయట పెట్టాననుకుంటాను, అది నా సొంతం, ఆవిడది కాదు.

పాప మా ఇద్దర్నీ చూసింది. కళ్ళు పెద్దవి చేసింది. కిలకిలమని నవ్వేసింది.

ఇంట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది. అమ్మమ్మ నిదానంగా వెనక్కి తిరిగి, నన్ను చూసి, “ఈ పిల్లే” అంది. అంతే, ఇంకేమీ అడగలేదు. అక్క మాత్రం నన్ను ఎత్తి గిరగిరా తిప్పి, “ఏం చేశావే, ఏం చేశావు?” అంటూ ఒకటే అడగడం. నా నోట్లోంచి అబద్ధం ఎంత సుళువుగా వచ్చిందంటే, అది ముందునుంచీ అక్కడే కూర్చుని ఉన్నట్టుంది. “మేకలా మొహం పెట్టాను” అన్నాను.

మా ఇంట్లో సంగతి వేరే. మా నాన్న అంతా విని, “అంటే, ఆ పిల్లకి మన పిల్ల గుణాలొస్తాయా? అయ్యో, పాపం!” అన్నాడు. అమ్మ మాత్రం వెంటనే పనిలో పడింది. నాలుగో రోజు భోజనాలు. మాంసం మేనమామ తెస్తానన్నాడట. ఆ మాట విని ఊరంతా ఆశ్చర్యపోయింది. మా అమ్మ నిమ్మకాయ పులిహోర, సేమ్యా పాయసం చేస్తానంది. “మన చేత్తో పెట్టే అన్నం, నిండుగా ఉండాలి” అంటూ పెద్ద గిన్నెలు తోమించింది నాతో. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ కూర్చున్నాను.

మర్నాడు అక్క దగ్గరికి వెళితే, బల్ల మీద కొత్త పుస్తకం పరిచి ఉంది. పాప నవ్వు కథ. మొదటి పేజీలో పలకలో పాప. రెండో పేజీలో అందరూ పాప మూతివైపు చూడటం. మూడో పేజీలో గుమ్మం అవతల టోపీతో మేనమామ. నాలుగో పేజీలో పెన్సిల్‌తో లేతగా గీసిన మేక మొహం, దానికి నా రెండు జడలు. “అమ్మమ్మ దీని మీద ఇంకు పెట్టొద్దంది” అని అక్క నవ్వింది. “భోజనాలయ్యేదాకా ఆ పేజీ ఆపమంది. ఎందుకో ఏమో, ముసలావిడ చాదస్తం.”

నాకు తెలిసింది ఎందుకో. తొమ్మిదేళ్ళదాన్నే గానీ, ఆ పూట నాకు రెండు సంగతులు మేకుల్లా దిగాయి. నా అబద్ధం రెండు భాషల్లో అచ్చయి, బళ్ళో పిల్లలందరి చేతుల్లోకీ వెళ్ళబోతోంది. అంతకన్నా ఘోరం, పాప నవ్విన మొదటి నవ్వు వాళ్ళ తాతమ్మ కుంటిని చూసి నవ్విన నవ్వు. నా గుణమే వస్తే, ఈ పాప పెద్దదై కుంటివాళ్ళ వెనక నడుస్తుంది. ఆ రెండు రోజులూ నేనెవర్నీ వెక్కిరించలేదు. అమ్మ నా నుదురు పట్టుకుని జ్వరం చూసింది.

నాలుగో రోజు పొద్దున అమ్మమ్మ కంచె దగ్గరికొచ్చి నన్ను పిలిచింది. ఉప్పు తేవాలట. గుట్ట దాటాక ఉండే తన తోడబుట్టిన అక్కగారింట్లో పాతకాలంనాటి ఉప్పుగడ్డ ఉంది. మేనమామ ట్రక్కు వేసుకుని మాంసానికి వెళ్ళాడు, నడిచే వెళ్ళాలి. నా భుజం మీద చెయ్యి వేసి బయల్దేరింది.

నేను మామూలుగా నడిచాను. ఆవిడ తూలింది. నెమ్మదించాను. అయినా ఆవిడ చెయ్యి నా భుజం మీంచి జారిపోతూనే ఉంది. ఆవిడ కాలు ఈడ్చే క్షణంలో నేను ముందుకెళ్ళిపోతున్నాను, ఆవిడ అడుగు వేసే క్షణంలో వెనకబడుతున్నాను. మంచు కరిగిన బాట, రాళ్ళు. ఇలా లాభం లేదని నా కాలికే తోచినట్టుంది. నేను చెప్పకుండానే అది ఈడ్చింది, ఆగింది. నా భుజం లేచింది. చప్పున ఆవిడ బరువు నా మీద సరిగ్గా కుదురుకుంది. పది అడుగులు అలా నడిచాక, నేనేం చేస్తున్నానో నాకు తెలిసొచ్చింది. మొన్న వెనక నడిచిన నడకే ఇది. భయంతో ఆగిపోయాను.

“ఆగకు” అంది అమ్మమ్మ. “ఇప్పుడే కుదిరింది.”

మళ్ళీ నడిచాం. కాసేపటికి ఆవిడ తన కాలి సంగతి చెప్పింది, గొర్రెలకి మేత వేసినంత మామూలుగా. నా అంత ఉన్నప్పుడు ఆవిణ్ణి ప్రభుత్వంవాళ్ళు దూరంగా ఒక హాస్టల్ బడికి తీసుకుపోయారట. జుట్టు కత్తిరించారట. సొంత భాషలో మాట్లాడితే నోట్లో సబ్బు పెట్టేవారట. ఒక శీతాకాలమంతా ఆవిడ అసలు మాట్లాడనే లేదు. ఒక రాత్రి కలలోకి వాళ్ళమ్మ వచ్చి పిలిస్తే, తను ఇంగ్లీషులో పలికిందట. లేచి కూర్చుని ఏడ్చిందట. మర్నాడు తెల్లారుతూనే పారిపోయింది. మంచులో రెండు రోజుల నడక. ఇల్లు చేరేసరికి కుడికాలు మొద్దుబారిపోయింది. ఆ తరవాత వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది.

“వాకిట్లో నిలబడి అమ్మా అని పిలిచాను. మన మాటే వచ్చింది” అంది. “వేళ్ళు పోతే పోయాయి.”

నేనింక ఆపుకోలేకపోయాను. బావురుమన్నాను. మేక మొహం లేదు, ఏమీ లేదు, నీ వెనక నీలా నడిచాను, అందుకే నవ్వింది అని ముక్కూ నోరూ కలిపి చెప్పేశాను. ఆవిడ నడక ఆపలేదు. భుజం మీది చెయ్యి తియ్యలేదు.

“ఆ పొద్దున ఎండ మన వెనకనుంచి పడింది కదా” అంది. “గోడ మీద రెండు నీడలు కుంటుకుంటూ నడిచాయి. నాకు రెండు నీడలు లేవు.”

“కోపం రాలేదా అమ్మమ్మా?”

“వచ్చింది. అంతలోనే పాప నవ్వింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలీక కాఫీ పోసుకున్నాను.”

ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. గుట్ట మీదికి ఎక్కాక ఊపిరి తీసుకోవడానికి నిలబడ్డాం. అప్పుడు ఆవిడ చెప్పిన మాటలు నేను మర్చిపోలేదు. “మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. నాకన్నా ముందు వెళ్ళిపోయి, అక్కడ నిలబడి, నాకోసం చూస్తారు. నా పక్కన నడవడం ఎవరికీ రాదు. నువ్వొక్కదానివే నా కాలు అంత శ్రద్ధగా చూశావు. పాప నవ్వు నీ చేతిలో ఉంది. దాన్నేం చేస్తావో నువ్వే చూసుకో.”

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. కూరలు, వేయించిన రొట్టెలు, వాటి మధ్య మా అమ్మ పులిహోర పచ్చగా. నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళో పాపని పెట్టి, పక్కన బుట్టలో ఉప్పు పెట్టారు. అతిథులు వరసలో నిలబడ్డారు. మొదటివాళ్ళు రాకముందే నేను పాపతో సహా లేచి నిలబడ్డాను. ముందు వాళ్ళ భాషలో చెప్పాను, తరవాత మా అమ్మానాన్నల కోసం తెలుగులో. నేను మేకలా మొహం పెట్టలేదు, అమ్మమ్మ వెనక కుంటుతూ నడిచాను, అందుకే పాప నవ్వింది, అబద్ధం చెప్పాను.

మా నాన్న తల వంచుకున్నాడు. అమ్మ లేచి నా వెనక్కి వచ్చింది. నేను వీపు బిగించుకున్నాను. చెయ్యి పడింది గానీ, నెమ్మదిగా వచ్చి అక్కడే ఉండిపోయింది. గుమ్మం దగ్గర్నుంచి మేనమామ గొంతు వినిపించింది. “అదేమిటి, నా టోపీ తిన్న మేకే నవ్వించిందనుకుని దాన్ని క్షమించేశాను కదా!” ఒకరిద్దరు నవ్వారు. వరస కదిలింది.

పాప పిడికిలి పట్టుకుని ఒక్కొక్కరి అరచేతిలో ఉప్పుకల్లు పెట్టిస్తూ వచ్చాను. అందరూ నోట్లో వేసుకున్నారు. ఆఖరున అమ్మమ్మ వచ్చి, చెయ్యి చాచి, ఉప్పు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుంది. తరవాత పాపని అక్కకిచ్చి నన్ను రమ్మంది. నా భుజం మీద చెయ్యి వేసింది. అంతమంది ముందర, భోజనాలు పెట్టిన చోటి దాకా, ఇద్దరం ఒక్క నడక నడిచాం. కాలు ఈడ్చి, ఆగి, భుజం ఎత్తి. ఎవరూ నవ్వలేదు. పాప మాత్రం ఉప్పంటిన పిడికిలి నోట్లో పెట్టుకుని, లోకంలో ఇంత ఘోరమైన వస్తువుందా అన్నట్టు మొహం పెట్టింది.

అక్క నాలుగో పేజీలో మేకని చెరిపేసింది. ఆ పుస్తకం నా దగ్గర ఇప్పటికీ ఉంది, పిన్నులు తుప్పుపట్టాయి. ఆ పేజీలో బొమ్మ వెనకనుంచి వేసింది. ఒక ముసలావిడ, పక్కన రెండు జడల పిల్ల, ఇద్దరి భుజాలూ ఒకవైపే లేచి ఉంటాయి. ఎడమపక్క నవాహో, కుడిపక్క ఇంగ్లీషు, అడుగున మా అమ్మ చేతిరాతలో తెలుగు. “ఆ పిల్ల ముందు అమ్మమ్మ వెనక నడిచింది. పాప నవ్వింది. తరవాత అమ్మమ్మ పక్కన నడిచింది.” చదివి వినిపించినప్పుడు అమ్మమ్మ పెదవి చాచలేదట.

పాపకిప్పుడు యాభై దాటాయి. ఆ బళ్ళోనే చిన్నపిల్లలకి వాళ్ళ భాష నేర్పుతుంది. ఎప్పుడైనా ఫోన్ చేస్తే, నేను హలో అనకముందే నా గొంతుతో నన్నే పలకరిస్తుంది. నా గుణం వచ్చిందని మా నాన్న భయపడింది నిజమే. అక్కడ పుట్టుకతోనే తుంటి సరిగ్గా లేని పిల్లలు ఎక్కువ, ఏటా ఎవడో ఒకడు తన క్లాసుకి వస్తాడట. వాడి పక్కన నడిచేది తనే.

నాకు మిగిలింది ఒక అలవాటు. బస్సు నడిపినన్నాళ్ళూ ఆఖరి పిల్ల ఏ నడకతో వస్తుందో చూసి, అంతసేపూ తలుపు తెరిచి ఉంచాను. మా ఆయన చివరి రోజుల్లో ఆసుపత్రి వరండాలో సెలైన్ స్టాండ్ పట్టుకుని నడుస్తుంటే, పక్కన అలాగే నడుస్తున్న నన్ను కూడా నర్సు పేషెంటే అనుకుంది. మొన్నీమధ్య క్యారీలో మా కాలనీవాళ్ళమంతా చెరువు చుట్టూ వాకింగ్‌కి వెళ్ళాం. కుర్రాళ్ళు వాచీల్లో అడుగులు చూసుకుంటూ ముందుకెళ్ళిపోయి, మలుపు దగ్గర నిలబడి చేతులూపుతున్నారు. గుంటూరునుంచి కూతుర్ని చూడటానికొచ్చిన ఒక పెద్దాయన కర్రతో వెనకబడ్డాడు. నేను ఆయన పక్కకి చేరాను. కాసేపు నడిచాక ఆయన ఆగి, నా కాలివైపు జాలిగా చూశాడు.

“నీకూ మోకాలేనా తల్లీ?”

“కాదు బాబాయిగారూ” అన్నాను. “ఇది మా పక్కింటి అమ్మమ్మ నడక.”

ఆయనకేం అర్థమైందో తెలీదు. సరేనన్నట్టు తలూపి, కర్ర ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి నా భుజం మీద వేశాడు.